ఫోన్‌లో పాఠం, ఫోన్‌లోనే పరీక్ష: చిన్న తరగతుల సైన్సుకు ఏది సరిపోతుంది?

గాలి నాణ్యత సూచీ 400 దాటిందంటే గురుగ్రామ్‌లో ఐదో తరగతి లోపు పిల్లల చదువు సగానికి సగం ఫోన్‌లోకి మారుతుంది. బడులు తమకు తోచినట్టు చేసుకునే ఏర్పాటు కాదిది. గాలి నాణ్యత నిర్వహణ కమిషన్ అమలు చేసే దశలవారీ ప్రణాళిక ఒకటుంది. వార్తల్లో ‘గ్రాప్’ అని వినిపించేది అదే. అది మూడో దశకు చేరితే ఢిల్లీతోపాటు గురుగ్రామ్, ఫరీదాబాద్, గాజియాబాద్, గౌతమబుద్ధ నగర్ జిల్లాల్లో ఐదో తరగతి వరకు పాఠాలను హైబ్రిడ్ పద్ధతిలో నడపాలని 2024 చివర్లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. ఆన్‌లైన్ వీలున్నచోట పిల్లను బడికి పంపాలా, ఇంట్లో ఫోన్ ముందు కూర్చోబెట్టాలా అన్నది తల్లిదండ్రుల ఇష్టం.

అంతకు కొద్దిరోజుల ముందే, 2024 నవంబరులో, నాలుగో దశ ఆంక్షలతో బడులు మూతపడ్డప్పుడు ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బడి మూస్తే మధ్యాహ్న భోజనం పోతుందని, చాలామంది పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు వినే సదుపాయమే లేదని, ఇంట్లో గాలి శుభ్రపరిచే యంత్రాలూ లేవు కాబట్టి బడిలో ఉన్నా ఇంట్లో ఉన్నా వాళ్లు పీల్చే గాలి ఒకటేనని ధర్మాసనం గుర్తుచేసింది. హైబ్రిడ్ అన్న మాట నిబంధనల్లోకి వచ్చింది ఆ చర్చ తర్వాతే.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. మూడు నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు చదివే పరిసరాల విజ్ఞానంలో గాలి ఒక ముఖ్యమైన పాఠం. ఆ పాఠానికి కావలసిన సరంజామా అంతా కిటికీ బయట బూడిదరంగులో కనబడుతున్న రోజునే, పిల్లలు కిటికీ మూసుకుని ఫోన్‌లో గాలి గురించిన వీడియో చూస్తారు. వీడియో చివర నాలుగైదు ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు. సరైనది నొక్కితే ఆకుపచ్చ గుర్తు, తప్పయితే ఎర్ర గుర్తు. ఉపాధ్యాయుల తెరమీద ఎవరికెన్ని వచ్చాయో క్షణాల్లో పట్టిక తయారవుతుంది. పాఠం అయింది, పరీక్షా అయింది. సైన్సు ఎంత జరిగిందన్నదే ప్రశ్న.

ఫోన్ మంచిదా చెడ్డదా అనే వాదన కరోనా కాలం నుంచి నలుగుతూనే ఉంది. అది పెద్దగా తేల్చేది లేదు. చిన్న తరగతుల సైన్సులో ఫోన్ మూడు రకాల పనులు చేయగలదు. పాఠం చెప్పే పంతులు అవుతుంది, మార్కులు వేసే పరీక్షకుడు అవుతుంది, లేదా చూడటానికీ కొలవడానికీ వాడే పరికరం అవుతుంది. ప్రభుత్వాల డబ్బు, కంపెనీల శ్రద్ధ మొదటి రెండింటి మీదే ఉన్నాయి. సైన్సుకు ఎక్కువ పనికొచ్చేది మూడోది.

కొలిచేది రెండింటినే

ఈ విషయానికి గురుగ్రామ్ తగిన ఊరు. గాజు మేడలు, బహుళజాతి కంపెనీలు, స్మార్ట్ బోర్డుల ప్రైవేటు బడులు ఒకవైపు. ఆ మేడలు కట్టేవాళ్ల, ఊడ్చేవాళ్ల పిల్లలు చదివే సర్కారు బడులు మరోవైపు. హరియాణా రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి కార్యాలయం ఉన్నదీ ఇక్కడే, సోహ్నా రోడ్డులో. రాష్ట్రంలోని సర్కారు బడులకు ఏం బోధించాలి, ఎలా పరీక్షించాలి అన్న ఆలోచన ఎక్కువగా సాగేది అక్కడే.

డిజిటల్ మూల్యాంకనంలో హరియాణా ముందునుంచీ చురుగ్గా ఉన్న రాష్ట్రం. 2017లో మొదలైన ‘సక్షమ్’ కార్యక్రమంలో ఒక్కో బ్లాకు తమ పిల్లల్లో 80 శాతం మంది తరగతికి తగ్గ స్థాయికి చేరారని తానే ప్రకటించుకోవాలి. ఆ తర్వాత బయటి సంస్థ వచ్చి పరీక్ష పెట్టి నిజమో కాదో తేలుస్తుంది. 2020లో బడులు మూతపడ్డప్పుడు ‘ఘర్ సే పఢావో’ పేరుతో పాఠాలు వాట్సాప్ గుంపుల్లోకి చేరాయి. ఆ తర్వాత ‘అవసర్’ అనే యాప్ వచ్చింది. పిల్లల పరీక్షలు అందులోకి మారాయి. 2022 మే 5న రోహ్‌తక్‌లో ‘ఈ-అధిగమ్’ ప్రారంభించి, 10 నుంచి 12 తరగతుల పిల్లలకు 5 లక్షల ట్యాబులు, రోజుకు 2 జీబీ డేటా ఇస్తామన్నారు. ట్యాబులు పెద్ద తరగతులకు వెళ్లాయి. చిన్న తరగతుల పిల్లలకు మిగిలింది అమ్మ ఫోనో, నాన్న ఫోనో.

ఈ వరుసలో ఒక సంగతి గమనించాలి. సక్షమ్ మొదట కొలిచింది హిందీని, లెక్కలను. 2021 జులైలో కేంద్రం తెచ్చిన ‘నిపుణ్ భారత్’ కూడా మూడో తరగతి నాటికి చదవడం, లెక్క చేయడం రావాలంటుంది. ఆ రెండూ రాకుండా ఏ చదువూ సాగదు కాబట్టి ఆ లక్ష్యాన్ని తప్పుపట్టలేం. అయితే బ్లాకు అధికారి నుంచి పంతులమ్మ దాకా అందరి దృష్టీ డ్యాష్‌బోర్డులో కనబడే రెండు గడుల మీదే ఉన్నప్పుడు, పరిసరాల విజ్ఞానం పీరియడు ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. వారంలో ఏ పీరియడు తెగినా ముందు తెగేది అదే.

ఆ ఫలితం జాతీయ స్థాయిలో కనబడుతూనే ఉంది. 2024 డిసెంబరు 4న జరిగిన ‘పరఖ్’ సర్వేలో 74 వేల బడుల్లో 21 లక్షల మందికి పైగా పిల్లలు పరీక్ష రాశారు. ఆరో తరగతి పిల్లలకు భాషలో సగటున 57 శాతం, లెక్కల్లో 46, ‘మన చుట్టూ ఉన్న ప్రపంచం’లో 49 శాతం వచ్చాయి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి సైన్సు సగటు 40 శాతం. ఆ పరీక్ష కూడా నాలుగింట్లో ఒకటి ఎంచుకునేదే. చేతితో ఏదైనా చేసి చూపమనో, ఎందుకలా జరిగిందో చెప్పమనో అడిగి ఉంటే ఈ అంకెలు ఎక్కడ ఉండేవో!

71, 15

ఆ ప్రశ్నకు కొంత జవాబు అమెరికాలో దొరికింది. 2009లో అక్కడి జాతీయ మూల్యాంకనంలో సైన్సుకు తొలిసారి కంప్యూటర్ మీద ప్రయోగం చేసే ప్రశ్నలు పెట్టారు. నాలుగో తరగతి పిల్లలకిచ్చిన ఒక పనిలో తెరమీదే మంచు కరిగించి, ఘనపరిమాణం ఎలా మారిందో చెప్పాలి. 71 శాతం మంది సరైన జవాబును ఎంచుకున్నారు. ఆ ప్రయోగంలో తాము చూసినదాన్నే ఆధారంగా చూపి ‘అందుకే ఇలా చెబుతున్నా’ అనగలిగింది 15 శాతం మంది.

చిన్న తరగతుల సైన్సు మూల్యాంకనం గురించి ఇంతకంటే సూటిగా చెప్పే అంకెలు అరుదు. పరీక్ష మొదటి ప్రశ్నతో ఆగిపోయి ఉంటే పదిమందిలో ఏడుగురికి ఆ విషయం వచ్చినట్టే లెక్క. రెండో ప్రశ్న అడగడంతో సంగతి బయటపడింది. మన యాప్‌లలో చాలావరకు మొదటి ప్రశ్న దగ్గరే ఆగుతాయి. కారణం దురుద్దేశమేమీ కాదు: యంత్రం తడబడకుండా దిద్దగలిగేది దాన్నే.

తెలుగు రాష్ట్రాల ఉపాధ్యాయులకు ఈ తేడా కొత్త కాదు. దశాబ్దం కిందటే నిరంతర సమగ్ర మూల్యాంకనంలో భాగంగా సైన్సుకు విద్యా ప్రమాణాలు రాసుకున్నారు: విషయావగాహన, ప్రశ్నించడం–పరికల్పన చేయడం, ప్రయోగాలు–క్షేత్ర పరిశీలనలు, సమాచార నైపుణ్యాలు–ప్రాజెక్టు పనులు, బొమ్మలు గీయడం–నమూనాలు చేయడం, అభినందన, నిజజీవిత వినియోగం. ఈ జాబితా పక్కన ఏదైనా క్విజ్ యాప్‌ను పెట్టి చూడండి. మొదటిదాన్ని బాగానే కొలుస్తుంది. చివరిదాన్ని కొంత కొలవగలదు. మధ్యలోవి దాని చేతికి చిక్కవు. ప్రశ్నించడాన్నే తీసుకుంటే, పిల్లలు ప్రశ్న వేయాలి. యాప్‌లో ప్రశ్నలు వేసే హక్కు యాప్‌ది మాత్రమే.

దీనికంటే పాత పాఠం ఒకటి మధ్యప్రదేశ్‌లో ఉంది. 1972లో హోషంగాబాద్ జిల్లాలోని 16 మాధ్యమిక బడుల్లో ఒక సైన్సు బోధనా కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు దాన్ని మొదలుపెట్టగా ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు తోడు నిలిచారు. 1982 నుంచి ఏకలవ్య సంస్థ నడిపింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు ప్రయోగాలు చేస్తూ నేర్చుకోవాలన్నది పద్ధతి. దాన్ని అన్నేళ్లు నిలిపినవాటిలో పరీక్షల్లో వచ్చిన మార్పు ముఖ్యమైనది. రాతపరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు, దాంతోపాటు ప్రయోగ పరీక్ష ఉంటుంది. బట్టీ కొట్టినవాడికి పుస్తకం ఎదురుగా ఉన్నా లాభం లేదు, చేసి చూసినవాడికి పుస్తకం అవసరం లేదు. పరీక్ష మారింది కాబట్టి బోధన మారింది. వందల బడులకు విస్తరించిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం మూసేసింది.

నాలుగు జవాబుల ప్రశ్నను అలాగని తీసిపారేయనక్కర్లేదు. తప్పు జవాబులను ఎలా రాశారన్నదాని మీద దాని విలువ ఉంటుంది. ‘మొక్కకు ఆహారం ఎక్కడనుంచి వస్తుంది?’ అన్న ప్రశ్నకు ఒక తప్పు జవాబుగా ‘చంద్రుడి నుంచి’ అని పెడితే పనికిరాదు, దాన్ని ఎవరూ నొక్కరు. ‘వేర్ల ద్వారా మట్టినుంచి’ అని పెడితే, తరగతిలో సగంమంది దాన్నే నొక్కారని తెలిసిన మరుక్షణం పంతులమ్మకు రేపటి పాఠం ఏమిటో తెలిసిపోతుంది. పిల్లలు నిజంగా నమ్మే తప్పును జవాబుల్లో ఉంచినప్పుడు డిజిటల్ పరీక్ష ఎక్స్‌రేలా పనిచేస్తుంది. అలాంటి ప్రశ్న తయారు చేయాలంటే పిల్లలతో మాట్లాడి ఉండాలి. ప్రశ్నల నిధిలో లక్ష ప్రశ్నలున్నాయని గొప్పచెప్పుకునే కంపెనీని అడగవలసింది ఎన్ని ఉన్నాయని కాదు, తప్పు జవాబులు ఎక్కడినుంచి తెచ్చారని.

ఢిల్లీలో తేలింది, తేలనిది

ఫోన్, ట్యాబు, కంప్యూటర్ చదువుకు అనుకూలంగా మన దేశంలో దొరికే గట్టి సాక్ష్యాల్లో ఒకటి గురుగ్రామ్ పక్కనే, ఢిల్లీలో పుట్టింది. ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల మీద ఏళ్లతరబడి పరిశోధన చేసిన ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్‌లతో కలిసి 2015లో ‘మైండ్‌స్పార్క్’ కేంద్రాలను పరిశీలించారు. 619 మంది పిల్లలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు బడి అయ్యాక ఈ సాఫ్ట్‌వేర్‌తో చదువుకునే అవకాశం ఇచ్చారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో వాళ్లు స్పష్టంగా ముందుకు వెళ్లారు. బాగా వెనుకబడ్డ పిల్లలు కూడా లాభపడ్డారు. 2019లో ఈ అధ్యయనం అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చాక దేశమంతటా ‘వ్యక్తిగత స్థాయికి తగిన’ డిజిటల్ చదువు అనే మాట ఊపందుకుంది.

సాఫ్ట్‌వేర్ అక్కడ గెలిచిన కారణం ఒకటే. ఆరో తరగతి పిల్లవాడు లెక్కల్లో సగటున రెండున్నర తరగతుల వెనక ఉన్నాడు. బడిలో ఆరో తరగతి పాఠమే చెబుతారు. యంత్రం వాడు ఉన్నచోటికి దిగి, అక్కడినుంచి మెట్టుమెట్టు ఎక్కించింది. లెక్కలకు మెట్లున్నాయి: కూడిక రాకుండా గుణకారం రాదు.

చిన్న తరగతుల సైన్సుకు అలాంటి నిచ్చెన లేదు. నీళ్లలో ఏవి మునుగుతాయి, ఏవి తేలుతాయి అన్నది తెలియడానికి విత్తనం ఎలా మొలుస్తుందో తెలియనక్కర్లేదు. ఇద్దరు పిల్లలు వేర్వేరు స్థాయిల్లో ఉన్నా ఒకే గిన్నె ముందు కూర్చుని ఒకే ప్రయోగం చేయవచ్చు, వాళ్ల మధ్య వాదన కూడా పాఠంలో భాగమే. కాబట్టి లెక్కల్లో వచ్చిన ఫలితాన్ని చూపించి సైన్సు సాఫ్ట్‌వేర్‌ను అమ్మడం కొర్రల పంట చూపించి వరి విత్తనాలు అమ్మడం లాంటిది.

పరికరం ఇస్తే చాలునన్న ఆశ ఎక్కడా ఫలించలేదు. పెరూలో పిల్లకొక ల్యాప్‌టాప్ పథకాన్ని 319 బడుల్లో పరిశీలించి 2012లో విడుదల చేసిన ఫలితాల్లో లెక్కల్లోగాని, భాషలోగాని మెరుగుదల కనబడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల ఉపాధ్యాయులకు బైజూస్ పాఠాలు నింపిన 5 లక్షలకు పైగా ట్యాబుల పంపిణీ మొదలైంది. ఏడాదిన్నర తిరిగేసరికి, 2024 జులైలో, ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠ్యపుస్తకం ముద్రించిన ప్రెస్సు మూతపడినా పుస్తకం చేతిలో ఉంటుంది. పాఠాన్ని కొత్తగా దిద్దాల్సిన కంపెనీయే లేనప్పుడు ట్యాబులో ఉన్నది పాతబడుతూ ఉంటుంది.

దీనికి భిన్నమైన ప్రయత్నం తెలంగాణలో జరిగింది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి 2015లో మొదలుపెట్టిన ‘క్లిక్స్’ నాలుగు రాష్ట్రాల సర్కారు ఉన్నత పాఠశాలల్లో నడిచింది. వాటిలో తెలంగాణ ఒకటి. ఇంటర్నెట్ లేకున్నా బడిలోని సర్వర్ మీదే పాఠాలు నడిచేవి. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకే తెర ముందు కలిసి కూర్చుని పనిచేసేలా దాన్ని తయారుచేశారు. చలనం, ధ్వని, ఖగోళం వంటి సైన్సు పాఠాల్లో తెరమీద పనికి తోడు చేతితో చేసే పని ఉండేది. 2017కు గాను యునెస్కో దానికి బహుమతి ఇచ్చింది. ‘ఒక్కో పిల్లకు ఒక్కో తెర’ అన్నది సైన్సుకు అవసరమే కాదని ఈ అనుభవం చూపింది. దాని పాఠాలు పెద్ద తరగతులవే అయినా, కలిసి కూర్చునే పద్ధతి నాలుగో తరగతికి ఇంకా బాగా అతుకుతుంది.

పరికరంగా ఫోన్

గురుగ్రామ్ గాలి పాఠానికి తిరిగి వద్దాం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి ‘సమీర్’ యాప్ ఉచితం. అందులో ఊళ్లోని నాలుగు కేంద్రాల అంకెలు కనబడతాయి: వికాస్ సదన్, సెక్టార్ 51, టెరీ గ్రామ్, గ్వాల్ పహాడీ. ఐదో తరగతి పిల్లలు రోజూ ఒకే వేళకు ఈ నాలుగు అంకెలు గోడపట్టికలో రాసుకుంటే రెండు వారాల్లో ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. ఒకే ఊళ్లో అంకెలు వేర్వేరుగా ఎందుకున్నాయి? గాలి వీచిన మర్నాడు ఏమైంది? ఇప్పుడు బయట తేటగా కనిపిస్తుంటే యాప్ ఇంకా 350 ఎందుకు చూపిస్తోంది? సూచీ గడచిన 24 గంటల సగటు కాబట్టి. సగటు అనే లెక్కల పాఠం ఇంతకంటే సహజంగా సైన్సులోకి ఎలా వస్తుంది?

రెండో పని ఇంకా పాతది. పది సెంటీమీటర్ల చదరపు తెల్లకాగితానికి పలచగా వాజెలిన్ రాసి, ఒకటి వంటగది కిటికీలో, ఒకటి వీధివైపు, ఒకటి మూసిన గదిలో రోజంతా ఉంచాలి. మర్నాడు ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి, పెద్దది చేసి, ఒక్కో చదరపు సెంటీమీటరులో ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టాలి. ఇక్కడ దాదాపు ప్రతి పిల్లా ఒక తప్పు చేస్తుంది: ఈ చుక్కలే యాప్‌లోని అంకె అనుకుంటుంది. కంటికి కనబడే ధూళి వేరు, ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే పీఎం 2.5 వేరు. మనిషి వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉండే ఆ రేణువు విడిగా ఫోన్ కెమెరాకు చిక్కదు. మూసిన గదిలోని కాగితం తెల్లగా ఉండటం చూసి ‘లోపల గాలి మంచిది’ అని రాసిన పిల్లకు ఈ మాట చెప్పవలసిన క్షణం అదే. ఎర్ర గుర్తు చూపించి తర్వాతి ప్రశ్నకు దూకే యాప్ ఆ క్షణాన్ని వదిలేస్తుంది.

ఇలాంటివి గాలితో ఆగవు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2014లో లోకానికి పరిచయం చేసిన కాగితపు సూక్ష్మదర్శిని ‘ఫోల్డ్‌స్కోప్’ను ఫోన్ కెమెరాకు అతికిస్తే ఉల్లిపొర కణాలు తరగతి అంతా చూడవచ్చు. మామూలు ఫోన్‌లోని మైకు శబ్దం ఎక్కువతక్కువలను పోల్చి చూపిస్తుంది. అది చూపే డెసిబెల్ అంకెను అక్షరాలా నమ్మకూడదని కూడా ఆ పాఠంలోనే చెప్పాలి. బంతి పడటాన్ని నెమ్మదిగా తిప్పి చూడొచ్చు. గురుగ్రామ్ జిల్లాలోనే ఉన్న సుల్తాన్‌పూర్ జాతీయ ఉద్యానానికి చలికాలంలో వలస పక్షులు వస్తాయి; 2021లో అది రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. పక్షుల కూతలు గుర్తుపట్టే యాప్ అక్కడ అరగంటలో ఇచ్చే అనుభవాన్ని పక్షుల వీడియో ఇవ్వలేదు. అంతదూరం వెళ్లలేని బడి ఆవరణలోని వేపచెట్టునే ఏడాది పొడవునా వారానికోసారి గమనించి, చిగురు, పూత, కాయ నమోదు చేయించే ‘సీజన్‌వాచ్’ కార్యక్రమం దేశమంతటా బడుల్లో నడుస్తోంది.

వీటన్నిటిలో ఫోన్ తెర వెలిగేది కొద్ది నిమిషాలే. చిన్నపిల్లలకు తెర సమయం ఎక్కువవుతోందని బెంగపడే తల్లిదండ్రులకు ఈ తేడా చెప్పాలి.

ఒకే ఫోన్, ముప్పైమంది

సర్కారు బడిలో నమ్మకంగా ఉండే ఫోన్ ఒక్కటే, పంతులమ్మది. మూల్యాంకనానికి అది చాలు. ‘ప్లికర్స్’ అనే పద్ధతిలో ప్రతి పిల్ల చేతిలో ఒక కాగితపు కార్డు ఉంటుంది. జవాబునుబట్టి కార్డును తిప్పి పట్టుకోవాలి. ఉపాధ్యాయుల ఫోన్ కెమెరా తరగతి మొత్తాన్ని ఒక్కసారి తడిమి ఎవరేం చెప్పారో నమోదు చేస్తుంది. పక్కవాడి జవాబు చూసి మార్చుకునే వీలు తక్కువ, ఇంట్లో ఫోన్ లేని పిల్ల వెనకబడేది లేదు. ఉత్తరప్రదేశ్ ప్రాథమిక బడుల్లో కాగితం మీద పిల్లలు గుర్తుపెట్టిన జవాబులను ‘సరళ్’ యాప్‌తో స్కాన్ చేస్తున్నారు. నోయిడా, గాజియాబాద్ బడులు ఆ రాష్ట్రంలోవే.

‘ఎందుకు?’ అన్న రెండో ప్రశ్నకు మాత్రం స్కానింగ్ చాలదు. పిల్ల తన భాషలో, హరియాణ్వీలోనో తెలుగులోనో, అర నిమిషం మాట్లాడిన మాటను రికార్డు చేయడం తేలిక. వినడమే కష్టం. 36 మంది తరగతిలో ఒక్కో అర నిమిషం చొప్పున 18 నిమిషాలు. రోజుకు ఆరుగురివి వింటే వారంలో తరగతి పూర్తవుతుంది. అది మూడు నిమిషాల పని. ఆ మూడు నిమిషాలు దొరకాలంటే హాజరు ఫొటోలు, భోజనం ఫొటోలు, పలు యాప్‌ల నమోదులతో నిండిన ఉపాధ్యాయుల ఫోన్‌లో చోటు చేయాలి. 2022 ఆగస్టులో ముఖ గుర్తింపు హాజరు యాప్ మీద ఆంధ్రప్రదేశ్ ఉపాధ్యాయ సంఘాలు నిరసన తెలిపినప్పుడు చాలామంది దాన్ని పని తప్పించుకునే ఎత్తుగడ అన్నారు. సొంత ఫోన్, సొంత డేటా, సొంత సమయం అన్న వాళ్ల ఫిర్యాదులో న్యాయం ఉంది. కొత్త మూల్యాంకన యాప్ ఏది తెచ్చినా పాతవి రెండు తీసేయడం మొదటి షరతు కావాలి.

పిల్లల సమాచారం సంగతి వేరే చిక్కు. కరోనా కాలంలో 49 దేశాల్లో వాడిన 164 చదువు యాప్‌లు, వెబ్‌సైట్లను హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించి 2022లో ఇచ్చిన నివేదిక, వాటిలో అత్యధికం పిల్లల గోప్యతకు ముప్పు తెచ్చేలా ఉన్నాయని చెప్పింది. అందులో మన కేంద్రప్రభుత్వ ‘దీక్ష’ కూడా ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపువారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేసింది. ఏడేళ్ల పిల్ల తప్పు జవాబుల చరిత్ర ఎన్నేళ్లు, ఎవరి దగ్గర ఉంటుందన్నది బడి ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న.

ఇక ఇంట్లో ఫోన్. ‘అసర్’ 2021 సర్వేలో బడిలో చేరిన పిల్లల్లో మూడింట రెండొంతుల మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉందని తేలింది. అలా ఫోన్ ఉన్న ఇళ్లలోనూ 26 శాతం పిల్లలకు చదువుకోసం అది చేతికి రాలేదు. ఆ తర్వాత ఫోన్‌లు బాగా పెరిగాయి. అయినా పొద్దున ఆరింటికి పనికి వెళ్లే నాన్న జేబులోనే ఫోన్ కూడా వెళ్లిపోతుంది, పాఠం మాత్రం తొమ్మిదింటికి మొదలవుతుంది. ఇది గురుగ్రామ్ కూలీల బస్తీల్లోనే కాదు, హైదరాబాద్ శివార్లలోనూ ఇంతే.

అందుకే గ్రాప్ మూడో దశలో నడిచే హైబ్రిడ్ తరగతికి వీడియో, క్విజ్ కన్నా వాజెలిన్ కాగితమే నప్పుతుంది. ఆ రోజు సగంమంది బడిలో, సగంమంది ఇళ్లలో ఉంటారు. బడికి వచ్చినవాళ్లలో భోజనం కోసం వచ్చినవాళ్లు, ఇంట్లో ఫోన్ లేనివాళ్లు ఎక్కువగా ఉంటారు. ఒకే పాఠాన్ని రెండుచోట్ల ఒకేసారి చెప్పబోతే రెండూ చెడతాయి. ఒకే పని రెండుచోట్లా చేయించవచ్చు. బడిలో పిల్లలు తరగతి కిటికీలో కాగితం పెడతారు, ఇంట్లో పిల్లలు తమ కిటికీలో. ఫోన్ ఉన్నవాళ్లు ఫొటో పంపుతారు. లేనివాళ్లు ఆంక్షలు ఎత్తేశాక కాగితమే తెస్తారు. అప్పుడు పంతులమ్మ బల్ల మీద ముప్పై కిటికీల ధూళి ఒకచోట చేరుతుంది: పద్నాలుగో అంతస్తుది, రోడ్డు పక్క రేకుల గదిది, ఇటుకలు కోసే చోటుకు ఆనుకున్నది. ఏ కాగితం ఎవరి ఇంటిదో చెప్పకుండా వరుసగా పేర్చి, ఎందుకు తేడాగా ఉన్నాయో చెప్పమని పిల్లలను అడగవచ్చు.